రాతబండ డైరీ: తొమ్మిది బిందెల నుంచి కొండోజు దాకా

2024 డిసెంబర్ 8, ఆదివారం

మా ఊరి చావిడి పక్కన వేపచెట్టు కింద ఒక బండ ఉంది. నేను పుట్టకముందు నుంచీ ఉంది, మా నాయన పుట్టకముందు నుంచీ ఉంది. నడుము దాకా మట్టిలో కూరుకుపోయి, తాగినోడు గోడకు ఆనుకున్నట్టు చెట్టు వైపు ఒరిగి ఉంటుంది. పైన సూర్యుడు, చంద్రవంక, వాటి కింద వరసగా అక్షరాలు. ఊర్లో అందరూ దాన్ని రాతబండ అంటారు. చిన్నప్పుడు దానికి వీపు ఆనించి ఐస్‌ఫ్రూట్లు తిన్నాం, ఎన్నికలప్పుడు రెండు పార్టీలవాళ్ళూ దాని మీద పోస్టర్లు అంటించారు, ఎండాకాలం ఎవరో ఒకరు తడి తువ్వాలు ఆరేస్తారు. చదివినోళ్ళు మాత్రం ఎవరూ లేరు.

నిన్న ఊరికి పోతే తెలిసింది, చావిడి ముందు నుంచి సీసీ రోడ్డు వేస్తారంట. కొలతలు తీస్తున్న మేస్త్రీని బండ సంగతేంది అని అడిగితే "జేసీబీ ఒక్క తోపు తోస్తే పోతాదిలే అన్నా" అన్నాడు. మామూలుగానే అన్నాడు పాపం, ఆయనకు అది దారికి అడ్డమున్న రాయి.

రాత్రి నిద్ర పట్టలేదు. నాకు ప్రొద్దుటూరులో జిరాక్స్, డీటీపీ షాపు. ఇరవై ఏళ్ళుగా ఊరందరి ఆధార్ కార్డులు, పాసుపుస్తకాలు, కులం సర్టిఫికెట్లు కాపీలు తీస్తున్నాను. ఊరు మొత్తానిదీ అనదగ్గ కాగితం ఒక్కటే ఉంది, అది రాతి మీద ఉంది, దానికి కాపీ లేదు. అందుకని పని పెట్టుకున్నాను: నకలు తీయాలి, చదివించాలి, రోడ్డుకు అడ్డం లేకుండా లేపి నిలబెట్టాలి. నా చేతి నుంచి ఐదు వేల దాకా పెట్టగలను. మిగతాది ఊరు చూడాలి. ఊరు చూస్తుందా లేదా అనేదే నాకు అసలు అనుమానం, అందుకే తేదీలు వేసి రాసి పెట్టుకుంటున్నాను.

డిసెంబర్ 15

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ఉత్సాహం ఆగక, నాచు గోకుదామని షాపు పక్కనున్న ఇనప సామాన్ల అంగట్లో వైరు బ్రష్ కొన్నాను. రెండు నిమిషాలు రుద్దానో లేదో ఎడమ వైపు తెల్లగా గీతలు పడ్డాయి. ఒక అక్షరం అంచు కూడా లేచిపోయింది. మా దగ్గర బండలు పొరలు పొరలుగా ఉంటాయి, ఎర్రగుంట్ల వైపు గనుల్లో ఉలి పెట్టి పలకలు లేపేది ఆ పొరల వల్లే, ఇంత తెలిసి కూడా ఇనుముతో రుద్దాను. ఇన్ని వందల ఏళ్ళు వానకూ పోస్టర్లకూ తట్టుకున్న అక్షరం నా చేతిలో పోయింది. ఆ తర్వాత నుంచి నీళ్ళు, మెత్తటి ప్లాస్టిక్ బ్రష్, ఓపిక, అంతే.

మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర విషయం కదిలించాను. ముగ్గురు మూడు రకాలుగా మాట్లాడారు. మొదటాయన: "దాంట్లో తొమ్మిది బిందెల నిధి సంగతి రాసుండాదిలే, మా జేజి చెప్పేది." రెండో ఆయన ఎద్దుల కొట్టం చావిడి వెనకే. "పురావస్తోళ్ళను పిలిస్తే ఈ చుట్టుపక్కల గోడ కూడా లేపనీరు, గండికోట కాడ చూల్లేదా" అన్నాడు. మూడో ఆయన టీ తాగి గ్లాసు పెట్టి "దీంతో ఏమొస్తాది?" అని లేచిపోయాడు. నిజం చెప్పాలంటే మూడో ఆయనకే నా దగ్గర సమాధానం లేదు.

రెండో ఆయనకు మాత్రం షాపుకొచ్చి వెతికి ప్రింటు తీసి ఇచ్చాను. 1958 చట్టం, 2010లో సవరించింది. కేంద్రం రక్షిత కట్టడం అని ప్రకటించినవాటికి చుట్టూ 100 మీటర్లలో కొత్త కట్టడాలు నిషేధం, దాని తర్వాత ఇంకో 200 మీటర్లలో అనుమతి కావాలి. ప్రకటించని బండకు ఆ లెక్క లేదు, మనం దాన్ని చదివినంత మాత్రాన అది రక్షిత కట్టడమైపోదు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు గానీ మొహంలో భయం అట్లే ఉంది. ఊర్లలో పాత రాళ్ళు కనపడకుండా పోయేదానికి ఈ భయమూ ఒక పెద్ద కారణమని నా అంచనా. కొట్టం కట్టుకునేవాడు ముందు రాయిని పునాదిలో వేసేస్తాడు, తర్వాత మాట్లాడతాడు.

డిసెంబర్ 22

మొదటి నకలు ఫెయిల్. శాసనాలోళ్ళు దీన్ని ఎస్టాంపేజీ అంటారు. రాయిని కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి కాగితాన్ని అక్షరాల గుంటల్లోకి దించి, అరతడి మీద మసి అద్దాలి. గుంటలో పడిన చోట మసి అంటదు, అక్షరం తెల్లగా నిలుస్తుంది. చెప్పేదానికి ఇంతే. నేను షాపులో ఉన్న ఎ3 జిరాక్స్ కాగితాలు నాలుగు అతికించి పరిచాను, మూడో దెబ్బకు చిరిగి ముద్దయింది. మసికి టోనర్ పొడి వాడదామనే తెలివి కూడా వచ్చింది, అది తడికి కలవకుండా గాలికి లేచి నా చొక్కా మీద పడింది. చుట్టూ చేరిన పిల్లలకు మాత్రం భలే కాలక్షేపం.

అయితే సాయంత్రం ఒక మంచి పని జరిగింది. చీకటి పడ్డాక ఫోన్ టార్చి ఎదురుగా కాకుండా పక్క నుంచి, బండకు దాదాపు ఆనించి వేస్తే, పగలు కనపడని అక్షరాలన్నీ నీడలు పోసుకుని లేచి నిలబడ్డాయి. ఏడో తరగతి పిల్లోడు ఒకడు వేలితో తడుముతూ "స... దా... శి..." అని చదివాడు. నాకు ఒళ్ళు జలదరించింది. వాడే ఇంకా కిందకు పోయి "స, వ, తొమ్మిది" అన్నాడు. నిజంగానే తెలుగు తొమ్మిదంకె ఉంది అక్కడ. వెనక నుంచి ఎవరో "నేను చెప్పలా, తొమ్మిది బిందెలు!" అన్నారు. అప్పుడే నవ్వి పారేయాల్సింది. నేనూ తెల్లమొహం వేశాను.

డిసెంబర్ 24

పొద్దున ఆరింటికి ఫోన్. బండ చుట్టూ రాత్రి ఎవరో తవ్వేశారు. పోయి చూస్తే రెండడుగుల గుంత, పక్కనే నిమ్మకాయలు, పసుపు. బిందె లేదు, బొందె లేదు. అదృష్టం బాగుండి బండను పగలగొట్టలేదు, చాలా ఊర్లలో నిధి లోపలే ఉందని సమ్మెటతో కొట్టినవాళ్ళున్నారు. భూమిలో నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాలని 1878 నుంచే చట్టం ఉంది గానీ, రాత్రిపూట నిమ్మకాయలు కోసేవాళ్ళకు అది ఎవరు చెప్తారు.

చిరాకు తగ్గాక గుంతలోకి దిగి చూశాను. మట్టిలో ఉన్న భాగం బయటపడింది. పైన 14 వరసలే అనుకున్నాను, కింద ఇంకా ఏడు ఉన్నాయి, అదీ కొత్తగా చెక్కినట్టు. ఎండా వానా తగల్లేదు కదా. దొంగలు నాకు కూలి మిగిల్చారు.

డిసెంబర్ 29

రెండో నకలు. ఈసారి ప్రొద్దుటూరులో రిటైరైన ఒక తెలుగు లెక్చరర్ సార్ దగ్గరకు పోయి అడిగి పోయాను. సార్ చిన్నప్పుడు వాళ్ళ గురువుగారితో ఇట్లాంటివి తీశారంట. పాత ప్రెస్సులో పీచు ఎక్కువున్న కాగితం దొరికింది. ఆముదం దీపం మసి పట్టి, తుమ్మబంక నానబెట్టిన నీళ్ళతో కలిపి, దూది ఉండను పాత చీర గుడ్డలో కట్టి అద్దుడు బిళ్ళ చేసుకున్నాం.

కాగితాన్ని తడిపి ఇద్దరం రెండు కొసలు పట్టుకుని పైనుంచి వదిలాం. నడిమిట్లో మొదలుపెట్టి అంచులకు కొట్టుకుంటూ పోవాలి, లేకపోతే గాలి బుడగలు నిలుస్తాయి. గీయకూడదు, నిటారుగా కొట్టాలి, బట్టలు ఉతికినట్టు కాదు, పసిబిడ్డను జోకొట్టినట్టూ కాదు, ఆ మధ్యలో. పావుగంటకు కాగితం రాయికి చర్మంలాగా పట్టుకుంది. సార్ వెనక చేతి వేళ్ళతో తాకి, చల్లగా ఉంది గానీ తడి అంటడం లేదు అనుకున్నాక "ఇంక కానీ" అన్నారు. మసి బిళ్ళను ముందు వట్టి కాగితం మీద రెండుసార్లు ఒత్తి, తర్వాత బండ మీద. ఒత్తిన ప్రతిచోటా నల్లని దాంట్లోంచి తెల్ల అక్షరం బయటికొచ్చింది. డార్క్‌రూంలో ఫోటో కడిగే రోజుల్లో చూసినట్టుంది. ఎండిన తర్వాత ఒలిచి చావిడి గోడకు పెడితే, అప్పటిదాకా పేకాట వదలనివాళ్ళు కూడా లేచొచ్చారు.

2025 జనవరి 4

సార్ ఇంట్లో నేల మీద నకలు పరిచి రెండు రోజులు కూర్చున్నాం. అక్షరాలు మరీ పాతవి కావు, కానీ పదానికీ పదానికీ ఎడం లేదు, ఎ, ఏలకు తేడా లేదు, ఒ, ఓలకూ అంతే. ముందుగా తేదీ. శకవర్షం 14, తర్వాత అంకె చెదిరింది, తర్వాత 6. నా వైరు బ్రష్ పడిన చోటే అని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కానీ దాని పక్కనే సంవత్సరం పేరు శుభ్రంగా ఉంది: క్రోధి. సార్ వేళ్ళ మీద లెక్క కట్టారు. 1456 అయితే జయ, 1476 అయితే ఆనంద, క్రోధి రావాలంటే 1406 గానీ 1466 గానీ కావాలి, బండ మీద విజయనగర రాజు సదాశివరాయల పేరుంది కాబట్టి 1466 ఒక్కటే. 78 కలిపితే క్రీ.శ. 1544. అన్నట్టు ఇప్పుడు నడిచేదీ క్రోధే, మధ్యలో ఎనిమిది అరవైలు, 480 ఏళ్ళు. శాసనం మీద అంకె పోతే సంవత్సరం పేరు కాపాడుతుంది, పేరు పోతే అంకె. పాతకాలం వాళ్ళు రెండూ ఎందుకు చెక్కించారో ఆ రోజు అర్థమైంది.

ఇక తొమ్మిది బిందెలు. సార్ ఆ చోటు చూడగానే పగలబడి నవ్వారు. అది తొమ్మిది కాదు, వలపలగిలక. 'ర్వ' రాయాలంటే పాతకాలంలో వ రాసి పక్కన ఆ గిలక పెట్టేవాళ్ళు, మన తాతల నాటి అచ్చుపుస్తకాల్లో కూడా ఉంటుంది. అంటే అక్కడున్నది "సర్వమాన్యం". ఏ పన్నూ లేకుండా ఇచ్చింది అని. పన్ను లేదు అని రాసుంటే మనోళ్ళు బంగారముందని తవ్వారు.

ఎవరికి పన్ను లేదు? సదాశివరాయల పేరు ఉంది, రామరాజయ్య పేరు ఉంది, అంటే కృష్ణదేవరాయల అల్లుడు అళియ రామరాయలు, 1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధంలో చనిపోయినాయన. ఆ తర్వాత వరసలో కొండోజు. ఆ పేరు దగ్గర సార్ ఆగి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కొండోజు మంగలి. రామరాయలు ఆయన మీద సంతోషపడి, ఆయన అడిగిన మీదట మంగళ్ళు కట్టే కానికలు, చేసే వెట్టి మాన్పించాడు. ఆ ఉత్తర్వును ఊరూరా రాళ్ళ మీద చెక్కించారు, రాయలసీమలోనూ కన్నడ సీమలోనూ అట్లాంటివి చాలా దొరికాయి. ఓజు అంటే ఉపాధ్యాయ అనే మాట నుంచి వచ్చింది, పనిలో గురువు అని. మన రాతబండ కూడా ఆ వరసలోదే. చివర్లో మామూలు శాపం, దీన్ని తప్పినోడు గంగ ఒడ్డున ఆవును చంపిన పాపాన పోతాడని.

నాకు అప్పుడు రాజుకన్నా ఎక్కువగా మా ఊరి మేళం తాత గుర్తొచ్చాడు.

జనవరి 8

షాపు మూసి కడప పోయాను, బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రానికి. మెకంజీ కైఫీయత్తులు అక్కడే సంపుటాలుగా అచ్చేశారు. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు కుంపిణీకి వదిలేశాక కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గరున్న దండకవిలెలు (పాత ఊరి లెక్కల పుస్తకాలు) చూసి, ముసలివాళ్ళను అడిగి రాయించినవి అవి. పక్క ఊరి కైఫీయత్తులో మా ఊరి పేరు ఒక్కసారి కనపడింది, చెరువు తూము తగాదాలో. రెండు వందల ఏళ్ళయినా ఆ తగాదా ఇంకా అట్లే ఉంది, అది వేరే డైరీ.

ఆ కేంద్రం కట్టిన కథ కూడా ఇక్కడ రాసుకోవాలి. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు బ్రౌన్ దొర బంగళా ఉన్న చోటే గ్రంథాలయం కట్టాలని పట్టుబట్టి, గడప గడపకూ తిరిగి చిన్న చిన్న చందాలతో పోగేసి నిలబెట్టారు. ఇప్పుడు అది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద ఉంది. మెట్ల మీద కూర్చుని టిఫిన్ తింటూ అనుకున్నాను, ఆయన దొర కోసం అడుక్కున్నాడు, నేను కొండోజు కోసం అడగలేనా అని.

మైసూరులో కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగానికి నకలు ఫోటోలు మెయిల్ చేశాను. వారంలో జవాబు వచ్చింది (ఇది తర్వాత రాసి చేర్చింది). చదివింది సరేనన్నారు, రెండు చోట్ల దిద్దారు, బండను వీలైనంతవరకు ఉన్న చోటికి దగ్గరలోనే ఉంచమన్నారు, ఇప్పుడు ఏ దిక్కుకు చూస్తుందో రాసిపెట్టుకోమన్నారు, ముఖ్యంగా అక్షరాల్లో పెయింటు పూయొద్దన్నారు.

జనవరి 14, సంక్రాంతి

పండక్కి ఊరు నిండా జనం. బెంగళూరు నుంచి వచ్చినోళ్ళు, కువైట్ నుంచి సెలవు మీద వచ్చినోళ్ళు. చావిడిలో నకలు వేలాడదీసి, పెద్దక్షరాల్లో ఫ్లెక్సీ కొట్టి, సార్‌ను పిలిపించి చదివించాను. సార్ వేలు పెట్టి ఒక్కో మాటా చదువుతుంటే కొండోజు పేరు దగ్గర మేళం తాత ముందుకొచ్చాడు. మా ఊరి గుడిలో డెబ్బై ఏళ్ళుగా సన్నాయి ఆయనదే, పొద్దున గడ్డాలు గీకి మధ్యాహ్నం పెళ్ళిలో వాయించినాయన. "ఇంగొకపారి చదువు సామీ" అన్నాడు. సార్ మళ్ళా చదివారు. తాత ఏమీ అనలేదు. నకలు మీద ఆ పేరును చూపుడువేలితో, మసి అంటకుండా, గాల్లోనే గీశాడు. తర్వాత నా వైపు తిరిగి "వెట్టి మాన్పించినాడని రాసుండాదా?" అని అడిగాడు. అవును తాతా అన్నాను. "మా నాయన కాలంలో మళ్ళా ఉన్నిందే" అన్నాడు. అక్కడున్న పెద్దల్లో ఎవరూ మాట్లాడలేదు.

ఇంకో సంగతీ రాయాలి. మా వంశం గండికోట దొరలది, బండలో మా పేరు ఉంటుంది అని డిసెంబర్‌లో ఐదు వేలు రాసుకోమన్న ఒక పెద్దమనిషి ఆ రోజు వెనక నుంచి "మంగళ్ళ బండకా ఈ హంగామా" అని వెళ్ళిపోయాడు. ఆ ఐదు వేలు రాలేదు. చరిత్రకు జనం మద్దతు కావాలి అని తేలిగ్గా అంటుంటాం. ఎవరి చరిత్ర అని తేలేదాకా అందరూ మద్దతే. తేలినాక లెక్క మారిపోయింది, కొందరు తగ్గారు, కొందరు పెరిగారు. పెరిగినవాళ్ళలో కువైట్‌లో సెలూన్లలో పనిచేసే మా ఊరి కుర్రోళ్ళు ముగ్గురు ఉన్నారు, ఆ రాత్రే తలా రెండు వేలు ఫోన్‌లో వేశారు. అందులో ఒకడు బండ ఫోటో డీపీగా పెట్టుకున్నాడు.

జనవరి 26

గ్రామసభ. సర్పంచ్ ఒదిన కుర్చీలో, మాట్లాడేది మామూలుగానే వాళ్ళాయన. కానీ ఈసారి ఒదినే అడిగింది, రోడ్డు ఎంత జరపాలి అని. కొలిచి చూస్తే బండను ఎనిమిది అడుగులు వెనక్కి, చెట్టు మొదలుకు జరిపితే చాలు, రోడ్డు అంగుళం కూడా వంచక్కర్లేదు. తీర్మానం రాశారు. కొట్టం ఆయన లేచి, నేనిచ్చిన ప్రింటు జేబులోంచి తీసి (నెలా పదిరోజులు జేబులోనే ఉన్నట్టుంది, మడతలు చిరిగిపోయాయి) అందరికీ చదివి వినిపించి, నాకేం అభ్యంతరం లేదు అన్నాడు. పంచాయతీ నుంచి డబ్బు మాత్రం రాలేదు, నిధుల్లేవన్నారు. తీర్మానం కాపీతో కలిపి పురావస్తు శాఖకు ఒక ఉత్తరం పెట్టాం, రికార్డులో ఉంటుందని.

ఫిబ్రవరి 9

ఈ రోజు బండ లేచింది. నేను క్రేను అద్దె కనుక్కుని గుండె పట్టుకున్నాను. బండల మామ (గనిలో ముప్పై ఏళ్ళు పనిచేశాడు) ఆ రేటు విని ఉమ్మేసి "గడ్డపారలు నాలుగు, మొద్దులు మూడు, మనుషులు ఆరుగురు" అన్నాడు. ముందు సుత్తి మొనతో బండ ఒళ్ళంతా మెల్లగా తట్టుకుంటూ విన్నాడు, డాక్టరు వీపు మీద వేళ్ళతో తట్టినట్టు. ఒకచోట బద్దగా పలికింది, "ఈడ పొర ఇడిసింది, ఈ పక్కన తాడు పడకూడదు" అని సుద్దతో గీత గీశాడు. ఇంకో మాట కూడా చెప్పాడు, ఈ బండ మన చుట్టుపక్కల గనిది కాదంట, గింజ వేరంట. ఎక్కడిదో, ఎవరు మోసుకొచ్చారో.

గోనెసంచులు చుట్టి, కింద మొద్దులు దొర్లిస్తూ, ఎనిమిది అడుగులు జరపడానికి మూడు గంటలు పట్టింది. గొడవ ఒక్కటే, నిలబెట్టేటప్పుడు కాంక్రీటు పోసేద్దామని కుర్రోళ్ళు, వద్దని మామ. సిమెంటులో ఉప్పు ఈ రాయిని తినేస్తుంది, రేపు తీయాలన్నా రాదు అన్నాడు. సార్ కూడా అదే అన్నారు. ఇటుకలతో తొట్టిలాగా కట్టి, బండ పాదం ఇసకలో దించి, చుట్టూ రాళ్ళు బిగించాం. ముఖం మునుపటిలాగే తూర్పుకు. ఆరుగురిలో ఎవరూ కూలి తీసుకోలేదు, కోడికూర అన్నం మాత్రం గట్టిగా అడిగారు.

ఇప్పటిదాకా ఖర్చు 11,640. కువైట్ 6,000, మేళం తాతవాళ్ళ ఇళ్ళ నుంచి 1,100, కొట్టం ఆయన ఇటుకలు, సార్ కాగితం, మిగిలింది నాది. అనుకున్న ఐదు వేలలోపే ఉన్నాను, ఇంట్లో చెప్పడానికి పనికొస్తుంది.

మార్చి 2

బోర్డు దగ్గర చిక్కు. రాతి మీదున్న మాట మంగలి. ఈ రోజుల్లో ఆ మాటను తిట్టులాగా వాడతారు, వాళ్ళు నాయీబ్రాహ్మణులు అనిపించుకోవాలని ఎంతో కొట్లాడారు. బోర్డు మీద ఏం రాయాలి? కుర్రోళ్ళు ఆ మాట అసలు కనపడకూడదన్నారు. సార్ శాసనంలో ఉన్న మాట మార్చకూడదన్నారు. రెండూ న్యాయమే, నాకు తల తిరిగింది. పోయి తాతను అడిగాను. అరుగు మీద కూర్చుని సన్నాయి నాలుక నానబెట్టుకుంటున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "రాయిలో ఉన్నది రాయిలో ఉన్నట్టే రాయి. నువ్వు నీ నోటితో చెప్పేకాడ మాత్రం మమ్మల్ని మేం చెప్పుకున్నట్టు చెప్పు" అన్నాడు. అట్లే చేశాను. పైన శాసన పాఠం ఉన్నది ఉన్నట్టు, కింద మామూలు తెలుగులో "ఈ సీమ నాయీబ్రాహ్మణులకు" అని. ఫ్లెక్సీ ఆరు నెలలకు వెలిసిపోతుంది కాబట్టి స్టీలు పలక మీద చెక్కించాం. తాత మనవరాలు ఇంటర్ చదువుతుంది, ప్రూఫు ఆ అమ్మాయే దిద్దింది, నా డీటీపీలో మూడు తప్పులు పట్టింది.

మార్చి 30, ఉగాది

క్రోధి నిన్నటితో అయిపోయింది, ఈ రోజు నుంచి విశ్వావసు. చావిడిలో పంచాంగ శ్రవణం, తాత సన్నాయి. పొద్దున్నే బండ ఎట్లుందో చూద్దామని పోయాను. సూర్యుడి మీద పసుపు, చంద్రవంక మీద కుంకుమ, సదాశివరాయల పేరు మీద కొబ్బరినీళ్ళు కారి చీమలు పట్టాయి. ముందు ఊదొత్తులు. ఎన్నికలప్పుడు పోస్టర్లు అంటించిన బండే ఇది, ఇప్పుడు దేవుడైంది. దీనికన్నా పోస్టర్లే నయం అనిపించింది ఒక్క క్షణం, అవి నీళ్ళకు ఊడొచ్చేవి.

నీళ్ళు తెచ్చి మెత్తటి బ్రష్షుతో కడుగుతుంటే ఇద్దరు ఆడోళ్ళు వచ్చి నిలబడ్డారు, చేతుల్లో పళ్ళాలు. ఏంది బిడ్డా, పండగ పూట కడిగేస్తావు అన్నారు. చాలాసేపు మాట్లాడుకున్నాం. చివరికి ఒప్పందం ఏందంటే, పసుపు కుంకుమ కింద ఇటుకల దిమ్మెకు, టెంకాయ పక్కనున్న గుండురాయికి, అక్షరాల మీద ఏమీ పడకూడదు. సరేనన్నారు. అందులో పెద్దామె పోతూ పోతూ వెనక్కి తిరిగి, మరి దీపం ఎక్కడ పెట్టాలి అని అడిగింది. నూనె మసి గురించి ఇంకా మాట్లాడుకోలేదు. రేపు పొద్దున మళ్ళా పోయి చూడాలి.